అద్దంలో పెదవులు

కిందటి వారం మిల్లమ్మను ఆస్పత్రి మూడో అంతస్తులో, అద్దం ముందు వదిలిపెట్టాం. ఆ అద్దానికి అవతల ఆమె భర్త నలభై ఒక్క రోజులుగా కళ్ళు తెరవకుండా పడుకుని ఉన్నాడు. మగ్గంలో పేక దారాన్ని అటూ ఇటూ మోసే నాడె ఎగిరి, దాని ఇనుప మొన కణతకు తగిలింది. అప్పట్నుంచి గొంతు కింద కోసి పెట్టిన గొట్టంలోంచి యంత్రమే ఆయన చేత ఊపిరి పీల్పిస్తోంది. గొట్టం మెడలో ఉంది కాబట్టి నోటికి అడ్డమేమీ లేదు. గొంతు మాత్రం పలకదు. మనిషిలో తెలివి మిగిలిన జాడే లేదని పెద్ద డాక్టరు చెప్పాడు. యంత్రం ఆపడానికి ఒప్పుకుంటున్నట్టు ఒక కాగితం చేతికిచ్చి, రేపు పొద్దున పదింటికల్లా ఏదో ఒకటి తేల్చమన్నాడు. మిల్లమ్మ సంతకం పెట్టనంది. పన్నెండు రోజులుగా, సాయంత్రం నాలుగూ అయిదూ మధ్య, బయటివాళ్ళని చూడనిచ్చే ఆ ఒక్క గంటలో, ఆయన పెదవులు ప్రార్థన చేస్తున్నాయి. ఆ సంగతి ఆమె ఒక్కదానికే కనపడుతోంది.

ఆమెకే ఎందుకంటే, ఆమె మిల్లు మనిషి. రెండు వందల మగ్గాలు ఒక్క కప్పు కింద కొట్టుకుంటుంటే పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడివాళ్ళు గొంతు జోలికి పోరు. పెదవులు పెద్దగా, నిదానంగా కదిపి మాట్లాడతారు, ఎదుటివాళ్ళు చూసి చదువుకుంటారు. ఇరవై రెండేళ్ళ మిల్లు పనిలో ఆమె చెవులు సగం పోయాయి గాని, నాలుగు వరసల అవతల ఎవరు ఎవర్ని ఏమని తిట్టారో కళ్ళు ఇట్టే చెప్పేస్తాయి. ఆయన పెళ్ళి మాట అడిగింది కూడా అలాగే, రెండు మగ్గాల మీదుగా. "వినపడలేదు, మళ్ళీ చెప్పు" అంది ఆమె. అక్కడ ఎవరికీ ఏదీ వినపడదని ఇద్దరికీ తెలుసు. ఆయన మళ్ళీ చెప్పాడు.

మిల్లు వాళ్ళ ప్రార్థనా అంతే. లోకంలో అందరూ తల వంచి కళ్ళు మూసుకుని ప్రార్థిస్తే, వీళ్ళు తలెత్తి కళ్ళు తెరుచుకుని ప్రార్థిస్తారు. కళ్ళు మూస్తే మాట అందదు మరి. పని మొదలయ్యే ముందు ఆయన చుట్టూ నలుగురైదుగురు చేరేవాళ్ళు. ఆయన పెదవులతోనే మూడు ముక్కలు చెప్పేవాడు. 'ప్రభువా, ఈ పూటకి సరిపడా బలం ఇవ్వు. రేపటిది రేపొచ్చి అడుగుతాం. మా వేళ్ళు నీ చేతిలో ఉన్నాయి.' ఆ మూడు ముక్కలే, అదే వరసలో, పన్నెండు రోజులుగా ఆమె అద్దంలోంచి చదువుతోంది.

హెడ్ సిస్టరును పిలిచి చూపించింది ఒకసారి. ఆవిడ తలుపు దగ్గర నిలబడి, కళ్ళజోడు సర్దుకుని, తనకేమీ కనపడటం లేదంది. కండరాలు అదురుతుంటాయి, ఆశ ఉన్న కంటికి అవే మాటల్లా కనపడతాయి, తప్పులేదు అని బుజ్జగించింది. మిల్లమ్మ వాదించలేదు. మిల్లులో పనిచేయని కంటికి అది ఎలా అందుతుందిలే అనుకుంది. ఇంట్లో అత్తగారికి మాత్రం రోజూ చెప్పేది. ఆ పెద్దావిడ గుమ్మంలోనే కాచుకుని కూర్చుని, "ఇవాళేమన్నాడే?" అనేది. ఆ మూడు ముక్కలూ విన్నాకే ముద్ద నోట్లో పెట్టుకునేది.

ఆ వేళ కూడా గోడ గడియారం నాలుగు చూపించేసరికి మిల్లమ్మ తన చోటికి వచ్చి నిలబడింది. వరండా నేలలో పగిలిన పలక ఒకటుంది. దాని మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడితే భర్త ముఖం సరిగ్గా ఎదురుగా వస్తుంది. మగ్గం ముందు నిలబడే వాళ్ళకి చోటు ఒకటే. అడుగు జరిగితే చెయ్యి అందదు. వెనక్కి చూసే అలవాటు అంతకన్నా ఉండదు. తెగే దారం ఎప్పుడూ ఎదురుగానే తెగుతుంది.

నేల తుడిచే ముసలమ్మ అప్పుడే తడిగుడ్డ వేసి వెళ్ళింది. మందునీళ్ళ వాసన ఇంకా గాలిలో ఉంది. వరండా చివరి కిటికీలోంచి వాలు ఎండ బారుగా లోపలికి పడింది. గదిలో దీపం మందంగా వెలుగుతోంది. యంత్రం ఆయన ఛాతీని ఎత్తుతోంది, దించుతోంది.

నాలుగూ పది. పెదవులు కదిలాయి.

కాని ఆయన ముఖం మీద కాదు.

తలగడ అంచు దాటి, చెవికి మూరెడు అవతల, ఖాళీ గోడ మీద కదిలాయి. వాటికి కళ్ళు లేవు, నుదురు లేదు. ఒక్క నోరు, దాని కింద కొంచెం గడ్డం. తెల్లటి గోడలోంచి పైకి తేలినట్టు ఉండి, నిదానంగా విచ్చుకుని, మూసుకుని, మళ్ళీ విచ్చుకుంటున్నాయి. ప్రభువా. ఈ పూటకి. సరిపడా.

మిల్లమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచింది. భర్త నోరు మూసే ఉంది. ఎండిన పెదవులు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. పొద్దున సిస్టర్లు రాసిన మందు వాటి మీద సన్నగా మెరుస్తోంది. మూరెడు దూరంలో ఆ రెండో నోరు మాత్రం ఆయన మాటల్ని ఆయన లాగే పలుకుతోంది. రేపటిది రేపొచ్చి అడుగుతాం.

ఆయన ప్రాణం ఒంట్లోంచి పక్కకి జరిగి, గోడకి ఆనుకుని, వదిలేసి వచ్చిన ఒంటి కోసం ప్రార్థన చేస్తోందా అనిపించింది. అలాంటివి నమ్మకూడదని చిన్నప్పట్నుంచీ చెప్పించుకున్న మనిషే. కాని చెప్పిన వాళ్ళెవరూ ఈ అద్దం ముందు నిలబడి చూడలేదు. కాళ్ళు వాటంతట అవే పలక మీంచి ఓ అడుగు ఎడమకి జరిగాయి. గోడ మీది నోరు కూడా జరిగింది. మందు సీసా వేలాడే స్టాండు మీదికి వచ్చి, ఆ ఇనుప కడ్డీకి అటూ ఇటూ ప్రార్థన చేసింది. ఆమె కుడివైపుకి రెండడుగులు వేసింది. నోరు వెనక్కి జారింది. గోడ దాటి, తలగడ దాటి, మెల్లగా వచ్చి ఆయన పెదవుల మీద కూర్చుంది. పన్నెండు రోజులుగా ఉన్న చోటనే.

అప్పుడు అర్థమైంది. అర్థమైనందుకు గోడ మీద నోరు చూసినప్పటికంటే ఎక్కువ భయమేసింది. ఈ అద్దంలో అవతలిది ఒక్కటే కాదు, ఇవతలిదీ కనపడుతుంది. ముసలమ్మ నేల తుడవడానికి వెనక ఉన్న బెంచీని జరిపింది, మళ్ళీ సరైన చోట పెట్టలేదు. ఆ బెంచీ మీద ఎవరో ఉన్నారు. పన్నెండు రోజులుగా ఉన్నారు.

మిల్లమ్మ వెనక్కి తిరిగింది.

గోడవార బెంచీ మీద ఒక మగమనిషి తలెత్తి, కళ్ళు తెరిచి, అద్దంకేసి చూస్తూ పెదవులు కదుపుతున్నాడు. కిటికీ రెక్క నీడ అతని నుదుటి నుంచి ముక్కు దాకా పడింది. నోరు మాత్రమే ఎండలో ఉంది. ఆమె తిరగడం చూసి పెదవులు ఆగిపోయాయి. లేచేసరికి ముఖం మొత్తం వెలుగులోకి వచ్చింది.

జాబర్. మిల్లులో మగ్గాలు బాగుచేసేవాడు. నాడె ఎగరకుండా మగ్గానికి అడ్డంగా ఉండే కాపు కడ్డీని విప్పి, తిరిగి బిగించడం మరిచిపోయానని విచారణలో ఒప్పుకుని, పని పోగొట్టుకున్నవాడు. నలభై ఒక్క రోజులుగా ఆమె ప్రార్థనలో ఒక్క మనిషి కోసం మాత్రం నోరు తెరవలేదంటే, అది ఇతని కోసమే.

"నువ్వా" అంది.

అతను బెంచీ అంచు పట్టుకున్నాడు. "మీరు ఒక్కసారి వెనక్కి తిరిగితే లేచి వెళ్ళిపోదామనే, రోజూ మీ తర్వాత వచ్చి, గంట మోగేముందు పోయేదాకా ఇక్కడే కూర్చున్నాను, వదినా. మీరు తిరగలేదు."

ఆ మాట గొంతుతో అన్నాడో పెదవులతోనే అన్నాడో ఆమెకి తెలియలేదు. ఎలాగైనా అందింది. ఆ ప్రార్థన నీకెక్కడిదని అడిగింది. అన్నయ్యదే అన్నాడు. రోజూ పొద్దున ఆయన పక్కన నిలబడి చూసి నేర్చుకున్నదే, తనకి సొంతంగా చెప్పుకోవడం చేతకాదని, ఏం చెప్పబోయినా చివరికి తన తప్పు దగ్గరికే పోయి ఆగిపోతుందని, అందుకే అన్నయ్య మాటలు అరువు తెచ్చుకున్నానని చెప్పాడు. గొంతు విప్పలేదు, సిస్టర్లు విని పొమ్మంటారని. పైగా గొంతు విప్పి ప్రార్థించడం తనకీ అలవాటు లేదు.

మిల్లమ్మకి ఒళ్ళు మండింది. ఆ కోపం అతని మీదో, అద్దం మీదో, ఇంకెవరి మీదో తేల్చుకునే ఓపిక లేదు.

"అవి చూసి ఆయన బతికే ఉన్నాడనుకున్నాను. డాక్టరుతో పోట్లాడాను. మా అత్తగారికి రోజూ అవే మాటలు మోసుకెళ్ళి అన్నంలో కలిపి పెడుతున్నాను. నీ నోరని తెలిస్తే ఆవిడ ముద్ద ముడుతుందా? ఆ కడ్డీ విప్పిన చేతులు కావూ అవి?"

"విప్పింది నేనే" అన్నాడు.

"ఎందుకు విప్పావని ఎవరూ అడగలేదు నిన్ను. నేనడుగుతున్నాను. ఎందుకు విప్పావు?"

జాబర్ తల ఒక పక్కకి తిప్పుకున్నాడు. మిల్లు వాళ్ళల్లో అది తలుపు వేసుకోవడంతో సమానం. నోరు కనపడకపోతే మాట లేనట్టే. మిల్లమ్మ అతని ముందుకి నడిచి వెళ్ళి, గడ్డం పట్టుకున్నంత పని చేసి, మళ్ళీ అడిగింది.

అతను ఆమె ముఖంకేసి చూడకుండానే పెదవులు కదిపాడు. గొంతు లేదు ఈసారి.

"మీరే అడిగారు, వదినా."

ఆమె చదివింది. చదివి, తప్పు చదివానేమో అనుకుంది. ఇరవై రెండేళ్ళలో అలా అనుకోవడం అదే మొదటిసారి.

"ముందురోజు సాయంత్రం. పధ్నాలుగో మగ్గం. పడుగు ఊరికే తెగుతోంది, దారం అందుకోబోతే కడ్డీకి చెయ్యి తగులుతోంది, ఈ ఒక్క పూటకి విప్పెయ్ తమ్ముడూ, రేపొచ్చి నేనే గుర్తుచేస్తా అన్నారు. మర్నాడు మీకు జ్వరం. మీ మగ్గం కూడా అన్నయ్యే చూసుకున్నాడు."

వరండాలో ఎండ అలాగే ఉంది. మిల్లమ్మకి మాత్రం రెండు వందల మగ్గాలూ ఒక్కసారి ఆగిపోయినట్టయింది. పధ్నాలుగో మగ్గం ఆమెది. కడ్డీ విప్పించడం ఆ మిల్లులో అందరూ చేసే పనే. తెగిన దారం ముడి వేయడానికి రెండు క్షణాలు తగ్గుతాయి. ఎవరూ దాన్ని తప్పనుకోరు, ఆమె కూడా అనుకోలేదు, అందుకే గుర్తులేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. రెండు మగ్గాల మీదుగా తన పెదవులు ఎలా కదిలాయో, తను పైనుంచి చూస్తున్నట్టు కనపడింది. విప్పెయ్ తమ్ముడూ.

"విచారణలో ఎందుకు చెప్పలేదు?" అంది.

"చెప్తే అన్నయ్య లేస్తాడా?" అన్నాడు. "మీ పని కూడా పోతే ఆ పెద్దావిడకి దిక్కెవరు?"

ఆమె బెంచీ మీద కూర్చుంది. కూర్చున్నాక, అది అతను కూర్చున్న చోటేనని, అక్కడ్నుంచి చూస్తే అద్దంలో మంచం మీది ముఖం ఎంత దూరంగా ఉంటుందో తెలిసింది. లోపల యంత్రం ఎత్తుతోంది, దించుతోంది.

ప్రభువా, అనుకుంది, ఇదేం పని? నీడ చూపించి పన్నెండు రోజులు నడిపించావా నన్ను? పిచ్చిదాన్ని చేశావా? కాని ఒక్క సంగతి మనసులో కదిలి, వద్దన్నా వదలకుండా నిలబడింది. ఆ పన్నెండు రోజులూ ఈ కాళ్ళ మీద నిలబడ్డ మాట నిజం. అత్తగారు అన్నం తిన్న మాట నిజం. ప్రార్థన జరిగిన మాటా నిజమే, మంచం మీదున్న మనిషి కోసమే జరిగింది. నోరు మాత్రం తను అనుకున్నది కాదు. తను ఎవరి పేరు ఎత్తనని పంతం పట్టిందో, ఆ మనిషి నోటితోనే ఆ పూట బలం ఆ పూటకి వచ్చి చేరింది. దీన్ని దయ అనాలో వెక్కిరింత అనాలో ఆమెకి తెలియలేదు. రెండూ కాకపోవచ్చు అని కూడా అనిపించింది.

పక్కన చోటు చూపించింది. అతను కూర్చోలేదు.

"కూర్చో తమ్ముడూ" అంది.

ఆ మాటకి జాబర్ ముఖం వంకరలు తిరిగింది. కూర్చోలేకపోయాడు. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, వరండా చివరకి నడిచి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తడి నేల మీద అతని చెప్పుల జాడ మెట్ల దాకా పడింది.

మిల్లమ్మ లేచి హెడ్ సిస్టర్ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఎవరూ వెళ్ళమనలేదు. చెప్పకుండా ఊరుకుంటే రేపు పదింటికి కూడా ఆమె మాట అలాగే నిలబడేది. కాని అబద్ధం మీద ఊపిరి నిలబెట్టుకుంటే ఆ ఊపిరి ఎన్నాళ్ళుంటుంది అనుకుంది. ఆయన పెదవులు కదిలాయని చెప్పింది తన పొరపాటని, అద్దంలో వెనకనున్న మనిషి నీడ చూసి మోసపోయానని, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

సిస్టర్ కలం పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇది చెప్పడానికి గుండె ధైర్యం కావాలి, మిల్లమ్మా."

"ధైర్యం కాదమ్మా. మా మిల్లులో తప్పు నేసిన గుడ్డని విప్పి మళ్ళీ నెయ్యాలి. అది అలవాటు."

సిస్టర్ కళ్ళజోడు పెట్టుకుని రోగి కాగితాల్లో రెండు వరసలు రాసింది. పెదవుల కదలిక నిజం కాదు, భార్య తానే ఒప్పుకుంది. డాక్టరు గారికి ఇప్పుడే పంపిస్తానంది. గడియారం అయిదుకి అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. చివరిసారి చూసుకుని వెళ్ళమంది.

మిల్లమ్మ అద్దం దగ్గరికి తిరిగి వచ్చేసరికి వరండాలో ఎండ పోయింది. ఆమె పగిలిన పలక మీద నిలబడలేదు. అద్దానికి నుదురు ఆనించి, రెండు చేతులూ కళ్ళకి అటూ ఇటూ దడి కట్టినట్టు పెట్టుకుంది. ఇప్పుడు ఇవతలిది ఏదీ కనపడదు. అవతల ఒక్క ముఖమే. పెదవులు కదలడం లేదు. అవి ఎప్పుడూ కదలలేదు. ఆ సంగతి తెలిసి కూడా ఆమె నిలబడగలిగింది. అదే ఆమెకి వింతగా తోచింది.

ఇక చదవడానికేమీ లేదు కాబట్టి, తనే చెప్పింది. తలెత్తి, కళ్ళు తెరిచి, గొంతు లేకుండా. "ప్రభువా, ఈ పూటకి సరిపడా బలం ఇవ్వు. రేపటిది రేపొచ్చి అడుగుతాం." రేపన్న మాట దగ్గర పది గంటలు గుర్తొచ్చి పెదవులు ఆగాయి. మళ్ళీ కదిపింది. "ఆ తమ్ముణ్ణి చూసుకో. నన్ను క్షమించు. మా వేళ్ళు నీ చేతిలో ఉన్నాయి."

లోపల, మందు రాసిన పెదవులు ఒకదాన్నుంచి ఒకటి విడివడ్డాయి.

చర్మం అతుక్కున్న చోట సన్నగా సాగి, ఊడి వచ్చింది. నీడకి అలా జరగదు. ఆమె ఊపిరికి అద్దం మసకబారింది. మోచేత్తో తుడిచి మళ్ళీ నుదురు ఆనించింది. కళ్ళు మూసే ఉన్నాయి ఆయనవి. పెదవులు మాత్రం, మిల్లులో మాట్లాడినట్టు, పెద్దగా, నిదానంగా కదిలాయి. ప్రార్థన కాదు.

'నీ వెనక ఎవరు?'

మిల్లమ్మ గిర్రున తిరిగింది. వరండా ఖాళీ. బెంచీ ఖాళీ. తడి నేల మీద మెట్ల వైపు వెళ్ళిన జాబర్ చెప్పుల జాడ, తన జాడ, అంతే. మూసుకున్న కళ్ళతో ఆయన ఏం చూశాడు?

మళ్ళీ అద్దానికి నుదురు ఆనించింది. "ఎవరూ లేరు" అని పెదవులతోనే అంది. తర్వాత, ఎందుకో తెలియకుండానే, "ఎవరున్నారు?" అంది.

ఆ మూసిన కళ్ళకి ఆమె నోరు కనపడే దారి లేదు. అయినా జవాబు వచ్చింది.

'ఆ రోజు మగ్గం దగ్గర కూడా ఆయనే…'

అయిదు గంటల గంట మోగింది. లోపలున్న నర్సు మంచం వైపు చూడనైనా చూడకుండా తాడు లాగింది. తెర అద్దానికి అడ్డంగా మూసుకుంది. బల్ల దగ్గర హెడ్ సిస్టర్, ఆమె పొరపాటు రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కవరులో వేసి, డాక్టరు గదికి పంపించేసింది.